పిత్తాశయపు రాళ్లు – షాక్ తరంగాల చికిత్స చరిత్ర
మూత్రపిండాల్లోని రాళ్లను షాక్ తరంగాలతో శరీరం బయటి నుంచే పగలగొట్టే చికిత్స 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఆరంభమైంది. 1985లో అక్కడే దానిని పిత్తాశయపు రాళ్లపై ప్రయోగించారు. కోత లేకుండానే రాళ్లు పోతాయన్న ఆశ వైద్యలోకంలో చిగురించింది.

అయితే మూత్రపిండంలో పగిలిన ముక్కలు మూత్రంతో కొట్టుకుపోతాయి. పైత్యరసానికి అంతటి ప్రవాహం లేదు. ముక్కలు కరగడానికి నెలల తరబడి మాత్రలు వాడవలసి వచ్చేది. ముక్క నాళంలో చిక్కుకుంటే నొప్పి, కామెర్లు, క్లోమం వాపు కలిగే ప్రమాదముండేది. పైగా పిత్తాశయం అలాగే మిగిలి ఉండటంవల్ల చాలామందిలో కొన్నేళ్లకు రాళ్లు మళ్లీ ఏర్పడేవి.

విచిత్రమేమంటే, అదే 1985లో, అదే జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే శస్త్రవైద్యుడు లాపరోస్కోపీ పద్ధతిలో పిత్తాశయాన్నే తొలగించారు. తోటివారు మొదట ఆదరించకపోయినా, కాలం ఆయన పక్షాన నిలిచింది. రాళ్లు బాధిస్తున్నవారు 'కరిగిస్తాం' అనే మాటలు నమ్మి కాలయాపన చేయరాదన్నదే ఈ చరిత్ర నేర్పే పాఠం.