వంట నేర్చుకోవడానికి నాలుగేళ్ళెందుకు?

ఈ వారం నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను.

మా అమ్మాయి కాలేజీలో చేరే ముందు న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ చదువుతానంది. నేను నవ్వేసి, "వంట నేర్చుకోవడానికి నాలుగేళ్ళు కాలేజీ ఎందుకమ్మా? మీ అమ్మమ్మ ఉందిగా!" అన్నాను. అది ఏమీ అనలేదు. కోర్సుల జాబితా తెచ్చి నా కాఫీ కప్పు పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

చూద్దును కదా, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, అనాటమీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ. వీటి తరవాత ఫుడ్ సైన్స్, పెద్దఎత్తున వంటశాలలు నడిపే మేనేజ్‌మెంటు, సమాజ పోషణ, చివర్లో జబ్బుపడ్డవాళ్ళకి ఆహారంతో చేసే చికిత్స. వంట అన్న మాట ఎక్కడో ఒక మూల ఉంది. ఇవన్నీ ఒక్క చదువులోకి ఎలా వచ్చి చేరాయా అని వెతకడం మొదలుపెట్టాను. ఒక్కో కోర్సు వెనకా ఒక్కో కథ కనిపించింది.

మొదటి కథ ఎలెన్ స్వాలో రిచర్డ్స్‌ది. అప్పట్లో బోస్టన్‌లో ఉన్న ఎం.ఐ.టి. చేర్చుకున్న మొట్టమొదటి స్త్రీ ఆవిడ. 1873లో కెమిస్ట్రీలో పట్టా పుచ్చుకుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళని లేబొరేటరీలోకి అంత తేలిగ్గా రానిచ్చేవాళ్ళు కారు. ఆవిడ ఆ కెమిస్ట్రీనే తాగేనీటికి, గాలికి, తిండికి అన్వయించింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో వంటశాల పెట్టి, వడ్డించిన పదార్థాల్లో ఏ పోషకం ఎంత ఉందో జనానికి చూపించింది. 1899లో మొదలైన లేక్ ప్లాసిడ్ సమావేశాల నుంచి హోమ్ ఎకనామిక్స్ అనే శాస్త్రం పుట్టింది. కెమిస్ట్రీ గుమ్మం దగ్గర ఆపేసిన ఆడవాళ్ళు వంటింటి గుమ్మంలోంచి సైన్సులోకి నడిచారన్నమాట. "వంట చదువా?" అని నేను నవ్విన నవ్వు నూరేళ్ళ నాటి పాత నవ్వేనని అప్పుడు తెలిసింది.

రెండో కథ విల్బర్ ఏట్‌వాటర్‌ది. కనెటికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో, 1890ల్లో, మనిషి పట్టేంత గది కట్టించి, అందులో మనుషుల్ని రోజుల తరబడి ఉంచి, వాళ్ళ ఒంట్లోంచి వచ్చే వేడిని కొలిచారు. గ్రాము మాంసకృత్తులకి 4 కేలరీలు, పిండిపదార్థానికి 4, కొవ్వుకి 9 అన్న లెక్క అక్కడిదే. ఈనాటికీ డబ్బాల మీది లేబుళ్ళకి ఆధారం అదే. అయితే కేలరీల లెక్కనే నమ్ముకోవడంతో ఆయనకి ఆకుకూరలు, పళ్ళు డబ్బు దండగలా కనిపించాయి. అప్పటికి విటమిన్ల సంగతి ఎవరికీ తెలియదు మరి. కాసిమిర్ ఫంక్ ఆ పేరు పెట్టింది 1912లో. ఈ చదువులో కేలరీల లెక్కతో ఆగకుండా బయోకెమిస్ట్రీ దాకా వెళ్ళాల్సింది ఇందుకే.

మూడోది యుద్ధం కథ. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, లెన్నా కూపర్, లులూ గ్రేవ్స్ అనే ఇద్దరు క్లీవ్‌లాండ్‌లో అమెరికన్ డైటెటిక్ అసోసియేషన్ స్థాపించారు. ఉన్న సరుకులతో వందలమందికి, రోగులకీ సైనికులకీ, సరైన తిండి ఎలా పెట్టాలన్నది అప్పటి సమస్య. వంటశాల మేనేజ్‌మెంటు కోర్సు చూసి ఇది హోటల్ చదువేమో అనుకోకండి.

ఇక స్టాటిస్టిక్స్ ఎందుకు? అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెలాగ్రా అనే జబ్బు వేలమందిని తినేసింది. అంటువ్యాధి అనుకున్నారు. 1914లో ప్రభుత్వం పంపిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒకటి గమనించాడు: అనాథాశ్రమాల్లో ఉండేవాళ్ళకి జబ్బు వస్తోంది, సిబ్బందికి రావటంలేదు. తరవాత ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ అనే ఆర్థిక శాస్త్రవేత్తతో కలిసి సౌత్ కెరొలైనా మిల్లు గ్రామాల్లో ఎవరి ఆదాయం ఎంత, ఏం కొని తింటున్నారు అని ఇంటింటికీ లెక్క తీశాడు. తేలిందేమిటంటే, మొక్కజొన్న మీదే బతికే పేదరికమే ఆ జబ్బుకి మూలం. లోపించింది నియాసిన్ అని 1937లో తెలిసింది.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటుంది. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకి మారింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో జొన్నన్నం, జొన్నరొట్టె మీద బతికే పేదవాళ్ళలోనూ ఇదే పెలాగ్రా ఉందని రాశారు. సౌత్ కెరొలైనా మిల్లు కూలీకి, దక్కను పీఠభూమి రైతుకూలీకి వచ్చింది ఒకటే జబ్బు.

బయోకెమిస్ట్రీ పేరు చూడగానే నాకు గుర్తుకు రావలసిన మనిషి, సిగ్గుతో చెప్తున్నాను, గుర్తుకు రాలేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు! 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఆయన కనిపెట్టిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని తరాల విద్యార్థులు లేబొరేటరీల్లో నేర్చుకున్నారు. 1940ల్లో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. 1998 నుంచి అమెరికాలో బలవర్ధకం చేసిన పిండిలో, పుట్టబోయే పిల్లల వెన్నుపాము లోపాల నివారణకి, ఫోలిక్ ఆమ్లం కలిపి తీరాలి. మనం బ్రెడ్డు తిన్నప్పుడల్లా ఆ పరిశోధన ఫలం కాస్త తింటున్నట్టే.

ఇప్పుడు పిల్లల్ని ఈ చదువుకి పంపాలనుకునే తల్లిదండ్రులకి రెండు మాటలు. 2024 జనవరి 1 నుంచి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకి కొత్తగా కూర్చోవాలంటే బేచిలర్స్ డిగ్రీ చాలదు, మాస్టర్స్ కావాలి. పర్యవేక్షణలో కనీసం 1000 గంటల శిక్షణ కూడా ఉండాలి. కాబట్టి డైటెటిక్స్ ప్రోగ్రాముకి అక్రిడిటేషన్ ఉందో లేదో చేరకముందే చూసుకోండి. ఖర్చు లెక్క ఆరేళ్ళకి వేసుకోండి.

చివరగా, ఆ జాబితాలో నాకు కనబడని కోర్సు ఒకటి ఉంది. మా అన్నయ్యకి షుగరొచ్చినప్పుడు ఓ డైటీషియన్ ఇచ్చిన కాగితంలో ఓట్‌మీల్, టర్కీ సాండ్‌విచ్ ఉన్నాయి. పప్పు, పెరుగు, గోంగూర లేవు. ఆయన దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, మామూలుగానే మూడుసార్లు అన్నం తిన్నాడు. మొన్న సెలవులకొచ్చిన మా అమ్మాయి ఆయన పక్కన కూర్చుని, "పెదనాన్నా, అన్నం మానొద్దు. ముందు ఆ గిన్నె మార్చు. కూర రెట్టింపు, అన్నం సగం" అంది. ఆయన విన్నాడు.

నేనూ విన్నాను. సెలవు.