బస్తర్ ఇత్తడి బొమ్మకు చట్టం కాపలా

విద్యార్థులారా, ఇంజనీరింగ్ చదివినవారు నల్లకోటు తొడుక్కుని కోర్టుకెళ్లడం మీకు వింతగా తోచవచ్చు. మేధోసంపత్తి కేసుల్లో ఇది మామూలే. మన పేటెంట్ చట్టం (1970) ప్రకారం పేటెంట్ ఏజెంటుగా నమోదు కావాలంటే సైన్స్, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ పట్టా ఉండి తీరాలి. వస్తువు ఎలా తయారవుతుందో తెలియనివారు అది ఎవరిదో వాదించలేరు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతపు ఢోక్రా బొమ్మనే తీసుకోండి.

కొండగావ్ పరిసరాల్లో ఘఢ్వా కులస్థులు ఈ పోతపని చేస్తారు. ముందు మట్టితో లోపలి రూపం చేసి ఆరబెడతారు. తేనెమైనాన్ని సన్నని దారాలుగా తీసి దానిపై చుట్టి నగలు, కళ్లు, జుట్టు తీరుస్తారు. పైన మళ్లీ మట్టి పూత. కాల్చగానే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక మట్టిని పగలగొట్టాల్సిందే. అందుకే ఒక అచ్చుకు ఒకే బొమ్మ. సుమారు 4,500 ఏళ్లనాటి మొహెంజొదారో నర్తకి విగ్రహం కూడా ఇలా మైనంతో పోసినదే.

మరి దీనికి పేటెంట్ రాదా? రాదు. పేటెంటుకు కొత్తదనం కావాలి. పైగా 2002 సవరణ సంప్రదాయ జ్ఞానాన్ని ఆవిష్కరణగా చూడరాదని స్పష్టం చేసింది. పసుపు కేసు గుర్తుందా? గాయాలు మాన్పే గుణంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును సి.ఎస్.ఐ.ఆర్. సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. అప్పుడు ఆ సంస్థకు అధిపతి కెమికల్ ఇంజనీరింగ్ చదివిన రఘునాథ్ మషేల్కర్. అక్కడ గెలిపించినవి పాత గ్రంథాలు, పత్రికా వ్యాసాలు. ఘఢ్వాల విద్య మాత్రం ప్రధానంగా చేతుల్లోనే సాగింది. దాన్ని కాగితం మీదికి తేవడమే అసలు కష్టం.

ఆ దారి 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం చూపింది. అది 2003 సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది. చెన్నైలోని రిజిస్ట్రీలో 2008-09లో బస్తర్ ఢోక్రా నమోదైంది. దానితోపాటు అక్కడి ఇనుప పని, కొయ్య పని కూడా. ఒక సంగతి మాత్రం మరువకండి. చట్టం కాపాడేది పేరునే, పద్ధతిని కాదు. మన ఆదిలాబాద్ ఓజాలు ఇదే మైనపు పోత పోస్తారు. వారి డోక్రాకు 2018లో వేరే గుర్తింపు దక్కింది. ఒకరి పని మరొకరు ఆపలేరు, ఒకరి పేరు మరొకరు పెట్టుకోలేరు.

ఇప్పుడు ఫ్యాక్టరీ బొమ్మకు ఎవరైనా 'బస్తర్ ఢోక్రా' అని చీటీ అంటించారనుకోండి. న్యాయవాది ఏం చూపాలి? రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాలి. ఒకే చోట ఒకే గుంట, ఒకే వంకర కనిపిస్తే రెండూ ఒకే అచ్చువి. రెండు ముక్కల అచ్చు వాడితే అతుకు గీత కూడా మిగలవచ్చు. పోతపని తెలిసిన కంటికి ఇవి సాక్ష్యాలు, తెలియని కంటికి రెండూ అందమైన బొమ్మలే!

అయితే ఈ హక్కు వాడుకోవాలంటే కళాకారుడు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. దాన్ని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అతని తదనంతరం అది వారసుడికి చెందుతుంది.