ఒంటిచేతి తొడుగు

(ఆనాటి పోలింగ్ నిబంధనల ఆధారంగా అల్లిన దృశ్యం. ఇద్దరు స్త్రీలూ, వారి మాటలూ కల్పితం.)

2021 అక్టోబర్ 30, శనివారం. తెలంగాణలోని హుజూరాబాద్ ఉప ఎన్నిక. పోలింగ్ కేంద్రం గుమ్మం దగ్గర ఆశా కార్యకర్త జ్వరం చూసి, పల్చటి పాలిథీన్ తొడుగు ఓ అవ్వ చేతికిచ్చింది.

"గిదెందుకు బిడ్డా?"

"కుడిచేతికి తొడుక్కో అవ్వా. సంతకం జేసుడు, బటన్ ఒత్తుడు దాంతోనే. సిరా ఎడమచేతికి పెడ్తరు."

ఓటేసి వచ్చిన అవ్వ తొడుగు తీసి, మడిచి, బొడ్ల దోపుకుంది.

"అవ్వా, అది గా డబ్బల ఎయ్యాలె."

"మంచిగనే ఉన్నది గద! పత్తి ఏరంగ అక్కరకొస్తది."

"ఆ బటన్ ఎంతమంది ముట్టిండ్రో! ఇంట్ల మనుమలున్నరు, ఎయ్యవ్వా."

గొణుక్కుంటూనే వేసింది.

కొవిడ్ మొదలైన నాటి నుంచి 2021 మే దాకా రాష్ట్ర ఆరోగ్యమంత్రిగా ఉన్న ఈటల రాజేందర్ అప్పటి నియోజకవర్గం ఇది. ఆయన రాజీనామాతోనే ఈ ఎన్నిక వచ్చింది. ఆ రోజు ఓటేసినవారు 2 లక్షలకు పైనే. అంతకు ఏడాది ముందు బిహార్ ఎన్నికలకు ఎన్నికల సంఘం 7 కోట్లకు పైగా ఒంటిచేతి తొడుగులు సమకూర్చింది. అక్కడ పోలింగ్‌తో వచ్చే కొవిడ్ వ్యర్థాలే 160 టన్నులని అంచనా వేశారు.

ఆసుపత్రిలోనైతే ప్రతి వస్తువుకూ ఒక రంగు ఉంటుంది. 2020 జులైలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొవిడ్ వార్డులో వాడిన మాస్కు పసుపు సంచిలోకి, నైట్రైల్ గ్లౌజు ఎరుపు సంచిలోకి వెళ్లాలి. పసుపు సంచి వ్యర్థాలను కాల్చే కొలిమికి పోతుంది. అక్కడ రెండో గదిలో వేడి సుమారు 1050 డిగ్రీలు ఉండాలి. ఎరుపు సంచిలోని ప్లాస్టిక్‌ను ఆవిరితో శుద్ధి చేసి, ముక్కలు చేసి, మళ్లీ వాడకానికి పంపుతారు. రెండూ కలిస్తే ఆ తర్వాత విడదీయడమంటే ఒక పారిశుద్ధ్య కార్మికురాలు చెయ్యిపెట్టి వెతకడమే. అందుకే వేరుచేయాల్సింది తీసి పారేసే చెయ్యే. గుమ్మం దగ్గర అవ్వ చేత ఆశా కార్యకర్త చేయించింది కూడా అదే.

ఆ రోజు పోలింగ్ కేంద్రంలో సాయంత్రం 6 దాటాక చివరి గంట కొవిడ్ బాధితులది. అప్పటి నిబంధనల ప్రకారం సిబ్బంది రక్షణ దుస్తులు వేసుకోవాల్సి ఉండేది. దాంతో చెత్త మరింత పెరిగేది.

నవంబర్ 2న లెక్కింపులో ఈటల 23,855 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఓటింగ్ యంత్రాలు రెండు రోజులకు పైగా కాపలాలో ఆగాయి. ఆసుపత్రిలో రక్తం, స్రావాలు అంటిన సంచికి ఆ వెసులుబాటు లేదు. 2016 నిబంధనల ప్రకారం శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచకూడదు.