కరెంటు లెక్క అడిగిన చరిత్ర: రాజమండ్రి కంపెనీ నుంచి బహిరంగ విచారణ దాకా

రాజమండ్రికి ఒకప్పుడు కరెంటు సరఫరా చేసింది ప్రభుత్వం కాదు, ఒక ప్రైవేటు కంపెనీ. 1920లలో పుట్టిన రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ పేరు ఇవాళ ఊళ్ళో ఎక్కువమందికి గుర్తులేదు గాని, న్యాయశాస్త్రం చదివేవాళ్ళకు మాత్రం బాగా తెలుసు. విద్యుత్ సంస్థలను ప్రభుత్వపరం చేయడానికి మద్రాసు రాష్ట్రం 1949లో తెచ్చిన చట్టం చెల్లదని 1954లో ఈ కంపెనీ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాదే కథ అడ్డం తిరిగింది. యాజమాన్యం అక్రమాల మీద వాటాదారులు కోర్టుకెక్కారు. కరెంటు కొన్నందుకు ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయి మూడు లక్షలు దాటింది. డైరెక్టర్లను పక్కనపెట్టి ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లకు పగ్గాలు అప్పగించడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది.

ఆ రోజుల్లో కరెంటు కంపెనీని లెక్క అడగాలంటే వాటాదారు కావాలి, లేదా ప్రభుత్వం కావాలి. బిల్లు కట్టేవాడికి అందులో చోటు లేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా సాగిన మార్పంతా ఆ చోటు కోసం జరిగిందే.

1948 విద్యుత్ సరఫరా చట్టం రాష్ట్ర విద్యుత్ బోర్డులతోపాటు సంప్రదింపుల మండళ్ళను కూడా ఏర్పరచమంది. కాగితం మీద మంచి ఆలోచనే. కానీ మండలి సలహా చెప్పగలదు తప్ప బోర్డును కట్టడి చేయలేదు. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డులో ఇంజనీర్లు ప్రణాళికలు వేశారు, ధర మీద ఆఖరి మాట మాత్రం సచివాలయానిదే. 1980లలో వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు వచ్చింది. మీటరు అక్కర్లేదు కాబట్టి వాడకం ఎంతో ఎవరికీ తెలియదు.

అసలు చిక్కు అక్కడే పడింది. మీటరు లేని చోట వ్యవసాయ వాడకాన్ని అంచనా వేయాలి. ఆ అంచనా ఎంత పెంచితే, దొంగ కరెంటూ లైన్లలో పోయేదీ అంత తక్కువగా కనబడతాయి. 1990ల మధ్య దాకా 20 శాతం లోపే చూపించిన నష్టాలు, లెక్క సరిచూశాక 30 శాతం దాటాయి. రైతు పేరు మీద రాసిన యూనిట్లలో కొన్ని రైతు వాడనివేనన్నమాట.

1995లో హితేన్ భయ్యా కమిటీ బోర్డును విడగొట్టి, ధరల నిర్ణయాన్ని స్వతంత్ర కమిషన్‌కు అప్పగించమంది. 1998లో సంస్కరణల చట్టం, 1999 ఫిబ్రవరిలో ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో, అదే ఏడాది నియంత్రణ కమిషన్, 2000లో పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు వచ్చాయి. గోదావరి జిల్లాలు విశాఖ కేంద్రంగా పనిచేసే తూర్పు డిస్కం కిందికి చేరాయి. ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పుతో వెనక నిలిచింది. జనం ఈ మార్పును సంస్కరణగా కంటే అప్పు షరతుగానే చూశారు. కమిషన్ తొలి టారిఫ్ ఉత్తర్వు మీద ఊరూరా ఆందోళన రేగింది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు.

వీధిలో అంత వేడి ఉన్న ఆ రోజుల్లోనే బహిరంగ విచారణ వేళ్ళూనుకుంది. 2003 విద్యుత్ చట్టం తర్వాత దాని పద్ధతి స్థిరపడింది. డిస్కం నవంబరు ఆఖరుకల్లా వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదిక, అంటే ఏఆర్‌ఆర్, దాఖలు చేస్తుంది. ఎన్ని యూనిట్లు కొంటుంది, ఎవరి దగ్గర, ఏ ధరకు, నష్టాలు ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. సారాంశం పత్రికల్లో వస్తుంది. ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు, డిస్కం దానికి జవాబివ్వాలి. ఆ తర్వాత అభ్యంతరదారు కమిషన్ ఎదుటే నిలబడి వాదించొచ్చు. చట్టం రాష్ట్ర సలహా సంఘాన్నీ ఏర్పరచింది. పరిశ్రమ, వ్యవసాయం, కార్మికులు, వినియోగదారులు, విద్యాసంస్థల నుంచి 21 మందికి మించకుండా సభ్యులుంటారు.

పాత సంప్రదింపుల మండలికీ దీనికీ తేడా తెచ్చినవి కాగితాలు. అంకెలు బయటికొచ్చాక చర్చ చేసేవాళ్ళూ తయారయ్యారు. విద్యుత్ నియంత్రణపై ప్రజా పర్యవేక్షణ బృందం తరఫున ఎం. తిమ్మారెడ్డి, సీనియర్ పాత్రికేయుడు ఎం. వేణుగోపాలరావు ఏటేటా అభ్యంతరాలు దాఖలు చేశారు. పుణె నుంచి ప్రయాస్ సంస్థ విశ్లేషణ అందించింది. వ్యవసాయ వాడకాన్ని ట్రాన్స్‌ఫార్మర్ల నమూనా మీటర్లతో లెక్కగట్టే పద్ధతి మీద ఈ వేదికల్లో గట్టి వాదనలే నడిచాయి.

గోదావరి తీరం వాదన మరొకటి: గ్యాస్. విజ్జేశ్వరంలో ఏపీ గ్యాస్ పవర్ కార్పొరేషన్ 272 మెగావాట్ల కేంద్రం పెట్టి, వాటా తీసుకున్న పరిశ్రమలకు కరెంటు పంచింది. జేగురుపాడులో 1997లో జీవీకే 216 మెగావాట్ల ప్రైవేటు కేంద్రం పూర్తిచేసింది. ఆ తర్వాత జేగురుపాడు విస్తరణ, వేమగిరి, గౌతమి, కోనసీమ కేంద్రాలు వచ్చాయి. నాలుగూ కలిపి దాదాపు 1,500 మెగావాట్లు. కేంద్రాలు సిద్ధమయ్యేసరికి గ్యాస్ లేదు. 2009లో సముద్రంలోని కేజీ డీ6 క్షేత్రం నుంచి కాకినాడ దగ్గరి గాడిమొగకు గ్యాస్ వస్తే ఆశ పుట్టింది, అందులో చాలా భాగం కాకినాడ నుంచి గుజరాత్‌కు వేసిన పైపులైనులో వెళ్ళింది. 2013కల్లా విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాసూ ఆగింది. కరెంటు ఉత్పత్తి కాకపోయినా స్థిర చార్జీలు కట్టాలా, గ్యాస్ బదులు నాఫ్తా వాడితే ఆ భారం ఎవరిది అని అభ్యంతరదారులు విచారణల్లో నిలదీశారు. కానీ గ్యాస్ ఎవరికి ఇవ్వాలో తేల్చేది ఢిల్లీ. ఆ ప్రశ్నకు కమిషన్ గదిలో జవాబు లేదు.

ఇంకో చిక్కు ఈ నేలలోనే ఉంది. కాలవ నీళ్ళున్న డెల్టా రైతుకు వ్యవసాయ ఉచిత విద్యుత్తుతో పెద్దగా పనిలేదు, అది మెట్టలో బోర్ల మీద ఆధారపడ్డవాడికి ప్రాణం. భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్ళకు రాత్రంతా ఏరియేటర్లు తిరగాలి. వాళ్ళు అడిగేది ఆక్వా రాయితీ ధర, 2019లో యూనిట్‌కు రూపాయిన్నరకు తగ్గించినది. గోదావరి జిల్లాల గొంతు ఒకటి కాదు. అందువల్లే ఈ జిల్లాల నుంచి వచ్చే అభ్యంతరాలన్నీ ఒకే డిమాండు చేయవు.

ఈ చరిత్ర చెప్పేది ఒకటే: విచారణ ధరను నిలదీయగలిగింది, పెట్టుబడి నిర్ణయాన్ని చాలావరకు వెనకనుంచే పరిశీలించింది. కేంద్రం కట్టేశాక, ఒప్పందం కుదిరాక అడిగే ప్రశ్నకు బిల్లులో పైసలు తగ్గించే బలమే మిగులుతుంది. ట్రూ అప్ చార్జీలైతే ఏనాడో అయిన ఖర్చు తాలూకు తేడాను ఇవాళ్టి బిల్లులో వసూలు చేయడమే. ఇప్పుడు ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు ముందుకొస్తోంది. ఆ యూనిట్లకు ఎంత కట్టాలి, ఎన్నేళ్ళు కట్టాలి అన్న లెక్క ప్రాజెక్టు పూర్తికాకముందే విచారణకు రావాలి. గ్యాస్ కేంద్రాల విషయంలో గోదావరి వాసులకు దక్కని అవకాశం అదే.