ఆంత్రోపాలజీ డిగ్రీ చదివితే మనకేం వస్తది? కొంచెం పాత చరిత్ర

ఇంటర్ రిజల్ట్స్ వచ్చినకాడి నుంచి గ్రూపులో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటే అడుగుతున్నరు: డిగ్రీలో ఆంత్రోపాలజీ తీసుకోవచ్చా అని. ఉద్యోగాల సంగతి, సివిల్స్ ఆప్షనల్ సంగతి సీనియర్లు ఇదివరకే రాశారు. మేం అది మళ్లీ రాయం. ఈ సబ్జెక్టుకూ మన గూడేలకూ ఉన్న పాత సంబంధం గురించి రాస్తాం. పోస్టు పొడుగైంది, ఓపికగా చదవండి.

ఫస్టియర్‌లో మేం లైబ్రరీలో ముందు వెతికింది థర్‌స్టన్ పుస్తకం. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేసిన మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఆయన. కోయ, చెంచు, సవర అని మన పేర్లు అచ్చులో కనబడితే మొదట సంబరపడ్డాం. తర్వాత కొలతలు కనబడ్డాయి. ముక్కు పొడుగెంత, వెడల్పెంత, తల ఎంత. అదే కాలంలో, 1901 జనాభా లెక్కలకు కమిషనర్‌గా ఉన్న రిస్లీ, ముక్కు వెడల్పయ్యే కొద్దీ సంఘంలో స్థాయి తగ్గుతుందని ఒక సూత్రమే చెప్పాడు. ఆ పాఠం జరుగుతుంటే వెనక బెంచీలోళ్లు మా మొహాల దిక్కు చూసి నవ్విన్రు. మేమూ నవ్వినం, ఏం చేస్తం.

నవ్వుతో పోయేది కాదది. థర్‌స్టన్ మద్రాసు పోలీసులకు కూడా ఈ కొలతల పాఠాలు చెప్పాడు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. ఎరుకల వాళ్లకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర పడింది. ఆ చట్టం పోయింది 1952లో. ఇట్లాంటి సబ్జెక్టు మనకెందుకు అని మాలో ఇద్దరు గ్రూపు మార్చుకుందామనుకున్నరు కూడా.

సెకండియర్‌లో రివర్స్ పాఠం వచ్చింది. ఈయన 1898లో టారెస్ జలసంధి దీవుల్లో ఒక పద్ధతి పట్టుకున్నాడు. ఒక మనిషిని కూర్చోబెట్టి నీ తల్లి పేరేంటి, తండ్రి పేరేంటి, వాళ్లకు ఎందరు పిల్లలు, ఎవరు ఏ ఊరికిచ్చారు అని అడిగి వంశవృక్షం గీయడం. 1901-02లో నీలగిరి తోడాల దగ్గరా అదే చేశాడు, 1906లో పుస్తకం వేశాడు. తోడాలలో చచ్చిపోయిన పెద్దల పేరు నోట పలకకూడదు. అందుకని ఒక కుటుంబం పేర్లు వేరేవాళ్లను అడిగి రాసుకున్నాడు. అది సరైన పనేనా అని మా క్లాసులో పీరియడ్ అంతా కొట్లాట. మేమైతే కాదనే అన్నాం. ఆ సంగతి పక్కన పెడితే పద్ధతి మాత్రం గుర్తుపెట్టుకోండి, కిందికి పనికొస్తది.

ఇక మన ఆదిలాబాద్. అడవిని రిజర్వు చేసి, గుడిసెలు కూల్చి, దున్నుకునే భూమి నుంచి వెళ్లగొడుతుంటే కొమురం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో చంపేశారు. అంతా అయిపోయినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు బుద్ధి పుట్టింది. పంపిన మనిషి హైమన్‌డార్ఫ్. వియన్నాలో పుట్టినవాడు, లండన్‌లో మలినోవ్‌స్కీ దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. యుద్ధం వల్ల బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు, హైదరాబాద్ రాజ్యం దాటి పోలేని స్థితి. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు.

ఆయన తేల్చింది మన తాతలకు ముందే తెలిసిన ముచ్చట. భూమి దున్నేది గోండు, కాగితం లేదు. బయటి నుంచి వచ్చినోడు కాగితం చేయించుకున్నాడు. కానీ తాతలు చెప్తే విననిది ఈయన రిపోర్టు రాస్తే సర్కారు విన్నది. లక్ష ఎకరాలకు పైగా పట్టాలు ఇచ్చారు. 1943 నుంచి మార్లవాయిలో బడి, గోండీలో వాచకాలు, గోండు టీచర్లకు ట్రైనింగ్ మొదలయ్యాయి. బెట్టీ 1987లో పోతే సమాధి మార్లవాయిలోనే కట్టారు. మన పెద్దలు ఏటా జనవరి 11న అక్కడ కూడుతరు.

ఆయనను దేవుణ్ని చేయొద్దని మా మాట. యేర్వెన్, సార్వెన్, సివెన్, నాల్వెన్ సగాల లెక్క ఆయన కనిపెట్టింది కాదు. కథ పాడింది పర్ధాన్లు, విడమరిచి చెప్పింది పటేళ్లు. పుస్తకం అట్ట మీద వాళ్ల పేర్లు లేవు. ఇంకో సంగతి: 1982లో వేసిన పుస్తకంలో, ఇచ్చిన భూములు మళ్లీ చేతులు మారుతున్నాయని ఆయనే రాశాడు.

ఇప్పుడు అసలు మాట. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో నియమాలు వచ్చాయి. అందులో 13వ నియమం ఏమేం ఆధారంగా పెట్టొచ్చో చెప్తది. సర్కారు కాగితాలు ఒక్కటే కాదు. పాత రికార్డుల్లో పేరున్న పెద్దల దాకా పోయే వంశవృక్షం, రాతలో పెట్టిన పెద్దల వాంగ్మూలం, పాత బావులు, శ్మశానాలు, దేవుని జాగలు, ఆచారాల మీద జరిగిన అధ్యయనాలు కూడా పనికొస్తయి. అంటే సెకండియర్‌లో మార్కుల కోసం గీసే ఆ వృత్తాలు, త్రికోణాలే!

మాలో ఒకరి ఇంటి పోడు అర్జీ ఆధారాలు చాలవని తిరిగొచ్చింది. ఒక ఆఫీసులో ఇచ్చారు, వాపస్ వచ్చింది, అంతే. పోయిన దీపావళికి, దండారి జరుగుతుండగా, నలుగురం నోటుబుక్కు పట్టుకుని వాళ్ల అవ్వ దగ్గర కూర్చున్నం. తాత, తాత తండ్రి పేర్లు టకటకా చెప్పింది. అవ్వా, నీ అత్త ఏ ఊరి పిల్ల అంటే ఆగిపోయింది. ఇన్నేండ్లలో ఎవరూ అడగలేదట. కాసేపటికి ఊరి పేరు చెప్పి, ఆమె వచ్చిన ఏడే చేను అవతల బావి తవ్విన్రు, అదీ రాయిరి బిడ్డా అన్నది.

బావి ఇంకా ఉంది. ఫొటో తీసినం, ఐదు తరాల వంశవృక్షం గీసినం, ఇద్దరు పెద్దల మాట రాసి వేలిముద్ర వేయించినం. అర్జీ మళ్లీ గ్రామసభ ముందర పెట్టినం. ఇంకా తేలలేదు. మీ ఊర్లలో ఎవరిదైనా ఇట్ల ఆగితే గ్రూపులో చెప్పండి, గీసిన కాగితం నమూనా పెడతాం.