గ్రామఫోను ప్లేటులో వినిపించని డోలు: గుంటూరు, ప్రకాశం మైదానంలో రికార్డు సంగీతం - లయ సంప్రదాయం

ప్రస్తావన

ఇరవయ్యో శతాబ్దపు తెలుగు రంగస్థల చరిత్రకు గ్రామఫోను రికార్డు విలువైన ఆధారం. స్థానం నరసింహారావు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు వంటి నటుల గాత్ర ధర్మాన్ని, పద్యపఠన పద్ధతులను గురించి నేటి పరిశోధకుడు ధైర్యంగా మాట్లాడగలుగుతున్నాడంటే అందుకు కారణం ఆ రికార్డులే. అయితే గాయకుని విషయంలో నమ్మదగిన ఈ సాక్ష్యం లయవాద్యకారుని విషయంలోనూ అంతే నమ్మదగినదా? ఏ రికార్డు విని ఏ వాద్యకారుడు ప్రభావితుడయ్యాడన్న ప్రశ్నకు పాశ్చాత్య డ్రమ్ము వాద్యకారుల చరిత్రలో సులువుగా సమాధానం దొరుకుతుంది. ఒంగోలు నుండి చిలకలూరిపేట వరకు పరుచుకున్న సన్నాయి మేళాల సీమలో డోలు వాద్యకారుని గురించి అదే ప్రశ్న వేస్తే సమాధానం వేరు. గ్రామఫోను ఇక్కడి నాదస్వరానికి గురువుగా నిలవగలిగింది గాని డోలుకు నిలవలేకపోయిందనీ, ఈ తేడాను గమనించకుండా రికార్డులనే ప్రమాణంగా తీసుకుంటే డోలు విద్వాంసుడు చరిత్ర నుండి జారిపోతాడనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మేళాల సీమ

గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా 1970లో ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పొందింది. అందుచేత స్వాతంత్ర్యానికి ముందున్న కాలాన్ని గురించి చెప్పేటప్పుడు ఈ రెండు జిల్లాల మైదానాన్ని ఒకే సాంస్కృతిక మండలంగా చూడడం సమంజసం. నల్లరేగడి నేలల పత్తి, మిరప ఇక్కడి బతుకుకు ఆధారం. పత్తి తీతలు ముగిసి, మిరప కల్లాల్లో కాయ ఎండుతున్న మాఘ ఫాల్గుణాల్లో చేతిలో డబ్బు ఆడుతుంది. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు ఆ రోజుల్లోనే. కోటప్పకొండ మహాశివరాత్రి తిరునాళ్ళకు ఊరూరి నుండి ప్రభలు కదలడమూ అప్పుడే. మేళగాళ్ళ సంపాదన ఈ పంటల క్యాలెండరుకు ముడిపడి ఉండేది.

ఈ మేళాలలో నాయీబ్రాహ్మణ కుటుంబాలతోబాటు తరతరాలుగా నాదస్వరాన్ని వృత్తిగా స్వీకరించిన ముస్లిం కుటుంబాలు ఉండడం ఈ సీమ ప్రత్యేకత. కరవది, సాతులూరు, చిలకలూరిపేట పేర్లు ఈ సందర్భంలో తరచు వినిపిస్తాయి. ఆలయోత్సవాలలో త్యాగరాజ కృతిని వాయించే షేక్ ఇంటిపేరు విద్వాంసుడు ఇక్కడి ప్రజలకు వింత కాదు. వింతగా చూసినది బయటి పాత్రికేయులే.

మేళంలో సన్నాయి ఎంతో డోలు అంత. ఒక చేతి వేళ్ళకు గట్టి తొడుగులు, మరో చేతిలో పొట్టి పుల్ల, మెడకు వేలాడే బరువైన కొయ్య వాద్యం. తమిళదేశంలో తవిల్ అని పిలిచేది దీనికి సోదర రూపమే. ఆరుబయట, ఊరేగింపులో, వందలమంది మాటల మధ్య వినబడడానికి పుట్టిన వాద్యమిది. గ్రామఫోను కంపెనీ గదిలో దానికి ఎదురైన కష్టానికి మూలం కూడా ఈ పుట్టుకలోనే ఉంది.

మూడు నిమిషాల కొలత

తొలినాళ్ళ రికార్డింగులో మైకు లేదు. కళాకారుడు పెద్ద గరాటా ముందు కూర్చుని పాడితే ఆ ధ్వని ఒత్తిడికే సూది కదిలి మైనం మీద గీత గీసేది. పెద్ద దెబ్బ పడితే సూది గాడి తప్పేది. మంద్రధ్వనులు దాదాపు పట్టేవే కావు. ఇది ఒక్క దక్షిణాది సమస్య కాదు. 1923లో అమెరికాలో కింగ్ ఆలివర్ జాజ్ బృందం జెనెట్ కంపెనీకి రికార్డులిచ్చినప్పుడు బేబీ డాడ్స్ అనే ప్రసిద్ధ వాద్యకారుడు తన డ్రమ్ములను పక్కనబెట్టి ప్రధానంగా చెక్క దిమ్మెల మీద తాళం వేయవలసి వచ్చింది. ఆ రికార్డులు మాత్రమే విన్నవారికి డాడ్స్ చేతివాటం ఎంతటిదో తెలిసే వీలు లేదు. ఆయన ఒంటరి వాదనం రికార్డుల మీదికి ఎక్కడానికి 1946 దాకా ఆగవలసి వచ్చింది.

1925 తర్వాత మైకుతో విద్యుత్ రికార్డింగు వచ్చి మంద్రధ్వనుల సమస్య చాలావరకు తీరింది. తీరనిది కాలం సమస్య. పదంగుళాల ప్లేటు ఒక ముఖం సుమారు మూడు నిమిషాలు ఆడుతుంది. ఆదితాళంలో అక్షరానికి ఒక సెకను చొప్పున లెక్కించినా ఆవర్తనానికి ఎనిమిది సెకన్లు, అంటే ముఖానికి ఇరవై రెండు ఆవర్తనాలు. రెండు కళల చౌకంలో అయితే పదకొండు. పల్లవి, అనుపల్లవి, చరణం, చిన్న స్వరకల్పన ఇందులోనే సరిపెట్టాలి. కచేరీలో పది పదిహేను నిమిషాలు సాగే తని ఆవర్తనం ఇందులో ఎక్కడ ఇముడుతుంది? నడకలు మార్చి, మోరా వేసి, కోర్వతో ముగించే డోలు విద్వాంసుని అసలు విద్య ప్లేటు బయటే ఉండిపోయింది.

తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై (1898-1956) నాదస్వర రికార్డులు మద్రాసు రాజధాని అంతటా పేరుపొందాయి. వాటిలో ఆయన తోడి రాగాలాపన ఇప్పటికీ విద్వాంసుల నోట నానుతూనే ఉంది. రాగాలాపన తాళంలేని భాగం. అక్కడ డోలు నేపథ్యంలోకి తప్పుకుంటుంది. ఒక తరం మేళగాళ్ళను ఉర్రూతలూగించిన ప్లేటు అది. సన్నాయి వాయించేవాడు దాన్ని పదేపదే వేసుకుని గమకం గమకంగా సాధన చేయవచ్చు. అతని పక్కన కూర్చున్న డోలు వాద్యకారునికి ఆ ప్లేటులో దొరికేది దాదాపు ఏమీ లేదు. కృతుల రికార్డులలో డోలు ఉన్నా, గట్టి వాద్యాన్ని మైకుకు దూరంగా కూర్చోబెట్టే స్టూడియో పద్ధతివల్ల తొడుగుల వేళ్ళ పలుకు మసకబారి, మొత్తం మీద ఒక మోతగా మాత్రమే చెవికి చేరుతుంది.

యంత్రం పెట్టే మరో చిక్కు కూడా ఉంది. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనులో స్ప్రింగు సడలేకొద్దీ పళ్ళెం నెమ్మదిస్తుంది. నిమిషానికి 78 చుట్లు తిరగవలసింది 74కు దిగిందనుకుంటే, శ్రుతి దాదాపు అర్ధస్వరం పడిపోతుంది, మూడు నిమిషాల పాట మరో పది సెకన్లు సాగుతుంది. సన్నాయి విద్వాంసుడు తగ్గిన శ్రుతికి మనసులోనే సర్దుకోగలడు, ఎందుకంటే స్వరాల మధ్య దూరాలు మారవు. లయ విద్యార్థికి అటువంటి వెసులుబాటు లేదు. కాలప్రమాణం నిలకడే అతని మొదటి పాఠం. నడుస్తూ నడుస్తూ నెమ్మదించే గురువు దగ్గర ఆ పాఠం ఎలా నేర్చుకోగలడు?

కరవది నుండి శ్రీరంగానికి

ఈ తేడా ఎంత దూరం పోయిందో షేక్ చినమౌలానా జీవితం చూపుతుంది. 1924లో ఒంగోలు సమీపాన కరవదిలో పుట్టిన ఆయన తండ్రి కాసిం సాహెబు వద్ద, ఆపైన చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద నేర్చుకున్నారు. రాజరత్నం పిళ్ళై వాదనం మీద ఆరాధనతో తంజావూరు బాణీకి మళ్ళి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల వద్ద శిష్యరికం చేశారు. చివరకు శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి పురస్కారం పొంది, 1999లో కన్నుమూశారు. ఆయన శిష్యులలో ప్రకాశం జిల్లావాడైన షేక్ మహబూబ్ సుభానీ, ఆయన భార్య కాలీషాబీ దంపతులు 2020లో పద్మశ్రీ అందుకున్నారు.

ఈ ప్రస్థానాన్ని సాధారణంగా ఒక వ్యక్తి ప్రతిభకు నిదర్శనంగా చెబుతారు. నిజమే. లయ చరిత్ర వైపు నుండి చూస్తే ఇందులో మరో సంగతి ఉంది. ఒక ఆదర్శ ధ్వని దూరం నుండి చెవిన పడి మనసులో నాటుకున్నాక నాదస్వర విద్వాంసుడు గురువును వెతుక్కుంటూ పోగలిగాడు. ఏ బాణీ కావాలో ముందే తెలుసు కాబట్టి ఎక్కడికి పోవాలో కూడా తెలిసింది. డోలు విద్యార్థి చెవికి అటువంటి ఆదర్శాన్ని అందించిన ప్లేటు లేదు. నీడామంగళం మీనాక్షిసుందరం పిళ్ళై (1894-1949) వంటి తవిల్ మహావిద్వాంసుని గొప్పతనం తెలియాలంటే ఆయన ఎదుట కూర్చుని వినవలసిందే. తమిళదేశంలో చినమౌలానా కచేరీలకు అక్కడి తవిల్ విద్వాంసులే ప్రక్కవాద్యం వాయించారు. కరవది నాదస్వరం కావేరి దాకా ప్రయాణించింది. కరవది డోలు ప్రయాణించలేదు.

ఇది లోపమనే తీర్పు ఇవ్వడం తొందరపాటు. ప్లేటు ప్రభావానికి అందకపోవడంవల్లనే తెలుగు డోలు తన స్థానిక నడకలను కొంతకాలం ఎక్కువ నిలుపుకుని ఉండవచ్చు. తా తీ తొం నం అంటూ నోటితో పలికించి, చేతితో తట్టించి, ఆపైనే వాద్యం మీద చేయి వేయనిచ్చే పద్ధతిలో జతి ఒక నోటి నుండి మరో నోటికి చేరుతుంది. ఆ బడిలో యంత్రానికి పని లేదు.

లయవాద్యకారులలో యంత్రాన్ని కావాలనే దూరం పెట్టినవారూ ఉన్నారు. మృదంగ చక్రవర్తి పాల్ఘాట్ మణి అయ్యర్ (1912-1981) కచేరీలో మైకు వద్దనేవారు. వేలి స్పర్శలోని సున్నితాన్ని మైకు చెడగొడుతుందన్న అభ్యంతరాన్ని నేటి ధ్వని ఇంజనీరు కూడా పూర్తిగా కొట్టివేయలేడు.

మైకు సెట్టు

లాంగ్ ప్లే రికార్డు వచ్చాక బయటి ప్రపంచంలో పరిస్థితి మారింది. ఒక ముఖానికి ఇరవై నిమిషాలు పైబడిన నిడివి దొరకడంతో 1955లో అలీ అక్బర్ ఖాన్ సరోద్ రికార్డులో చతుర్‌లాల్ తబలా విదేశీ శ్రోతలకు వివరంగా వినిపించింది. 1968లో అల్లా రఖా, అమెరికన్ డ్రమ్ము వాద్యకారుడు బడ్డీ రిచ్ కలిసి ఒక ఆల్బమే చేశారు. లయవాద్యకారుని పేరు అట్ట మీద పెద్ద అక్షరాలలో అచ్చయిన కాలమది.

గుంటూరు పల్లెలకు అదే దశాబ్దంలో రికార్డు వేరే రూపంలో చేరింది. మైకు సెట్టు రూపంలో. 1962లో వచ్చిన ‘మురిపించే మువ్వలు’ చిత్రంలో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడుతూ ఎస్. జానకి పాడిన పాట తెలుగునాట ఎంత ప్రచారం పొందిందో చెప్పనక్కరలేదు. పాడిన జానకిది రేపల్లె ప్రాంతపు పల్లపట్ల, కథానాయిక సావిత్రిది చిర్రావూరు. ఇద్దరూ గుంటూరు జిల్లా వారే. నాదస్వరాన్ని ఇంటింటికి చేర్చిన పాట అది. ఆ పాట వేసిన లౌడ్ స్పీకరు మాత్రం పెళ్ళి పందిట్లో మేళం గొంతుకు అడ్డుపడింది. పొద్దున్నే కొబ్బరిచెట్టుకు కట్టిన బాకా మోగడం మొదలైతే మేళగాళ్ళకు మిగిలేది ముహూర్తపు వేళ కొద్దిసేపు. వచ్చేవారు ఎదురుకోళ్ళు మొదలు అప్పగింతల దాకా మేళం వాయించిన రోజులు పోయాయి. కచేరీ అవకాశం ఉన్న సన్నాయి విద్వాంసుడు ఎలాగో నిలదొక్కుకున్నా, తని ఆవర్తనం వినే తీరికగల పెళ్ళి పందిరి కరవైన డోలు వాద్యకారుని విద్య సాధనలోనే ఉండిపోయింది. ముందు తరానికి గురువు కాలేకపోయిన రికార్డు తరువాతి తరానికి పోటీదారు అయింది.

1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఈ నష్టాన్ని కొంత పూడ్చింది. ప్లేటు ఇవ్వలేని నిడివిని రేడియో ఇచ్చింది. అయితే ప్రసారం గాలిలో కలిసిపోయేది. ఆపి, వెనక్కు తిప్పి, తప్పిన మోరాను మళ్ళీ వినే వీలు అప్పటికి లేదు.

ఆ వీలు క్యాసెట్‌తో వచ్చింది. 1980లలో టేపు రికార్డరు పల్లెకు చేరాక, ముప్పై నిమిషాలో నలభై అయిదు నిమిషాలో సాగే ఒక ముఖం మీద తని ఆవర్తనం మొదటినుండి చివరిదాకా పట్టింది. ఆలయ ఉత్సవంలో ఎవరో ఒడిలో పెట్టుకుని నొక్కిన మీట ఒక లయ విద్యార్థికి కంపెనీ స్టూడియోలన్నీ ఇవ్వలేనిది ఇచ్చింది. రివైండు చేసి ఒకే కోర్వను ముప్పైసార్లు వినవచ్చు. అక్షరాలు లెక్కకట్టి రాసుకోవచ్చు. డోలు విద్యకు రికార్డు గురువైన కాలం అంటూ ఒకటి ఉంటే దాన్ని ఇక్కడినుండి లెక్కించాలి. గ్రామఫోను నాదస్వరానికి ఇచ్చినదానికి ఇది సుమారు యాభై ఏళ్ళు ఆలస్యం.

పేరు లేని సాక్ష్యం

పరిశోధకునికి ఇక్కడ ఆచరణాత్మకమైన చిక్కు ఎదురవుతుంది. 78 చుట్ల ప్లేటు మధ్యలోని కాగితం మీద ప్రధాన కళాకారుని పేరు, కృతి, రాగతాళాలు ఉంటాయి. ప్రక్కవాద్యకారుల పేర్లు చాలాసార్లు ఉండవు. అందువల్ల రికార్డు సంగ్రహాల పట్టికలను ఆధారం చేసుకుని తయారయ్యే ఏ జాబితాలోనైనా డోలు వాద్యకారుడు కనిపించడు. ఇంటి క్యాసెట్ల మీద బాల్‌పెన్‌తో రాసిన పేర్లలో, ఆలయాల ఉత్సవ ఆహ్వాన పత్రికలలో, పెళ్ళి ఖర్చుల చిట్టాలలో మేళానికి ఇచ్చిన సొమ్ము పద్దులో అతడు కనిపించే అవకాశం ఎక్కువ. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు జానపద విజ్ఞాన సేకరణలో గేయాలకు చూపిన శ్రద్ధను ఈ కాగితాలకు, ఆయస్కాంతపు టేపులకు ఇంకా చూపలేదు. టేపులు బూజు పట్టి చెడిపోతాయి కనుక ఈ పనికి గడువు ఉంది.

నేడు మైదానంలోని కల్యాణ మండపాలలో గట్టిమేళం కూడా ముందే రికార్డు చేసి స్పీకర్లలో వేయడం కనిపిస్తోంది. మాంగల్యధారణ వేళ పురోహితుని చేతి సైగ కోసం డోలు విద్వాంసుడు కన్నార్పకుండా చూస్తాడు. సైగ అందగానే నడుస్తున్న తాళాన్ని అక్కడికక్కడ తెంపి ద్రుతంలోకి దూకుతాడు. మూడో ముడి పడేదాకా దాన్ని నిలబెడతాడు. ముడి ఆలస్యమైతే అతడూ ఆవర్తనాలు పెంచుతాడు. సౌండు సిస్టం కుర్రవాడు మీట నొక్కిన ట్రాకు మాత్రం తన నిడివి తాను పూర్తిచేసుకుని, వరుడు రెండో ముడి దగ్గర ఉండగానే ఆగిపోతుంది.