సిగరెట్ డబ్బాడు బియ్యం

1943. కరువు వాత పడిన బెంగాల్ పల్లెల నుంచి జనం శాంతినికేతన్ మీదుగా కలకత్తా దారి పట్టారు. డొక్కలు వెన్నుకంటుకుపోయిన మనుషులు. చంకల్లో ఏడ్చే ఓపిక కూడా లేని పసిబిడ్డలు. తాతగారు క్షితిమోహన్ సేన్ ఇంట్లో ఉండి చదువుకుంటున్న అమర్త్య సేన్‌కు అప్పటికి తొమ్మిదేళ్లు. తాతగారు ఒక సిగరెట్ డబ్బా చేతికిచ్చారు. అడిగినవాళ్లకు దాన్నిండా బియ్యం పోయొచ్చు. కానీ కుటుంబానికి ఒక్క డబ్బానే.

పిల్లవాడు గమనించింది ఇంకొకటుంది. తన బడిలో తోటి పిల్లలెవరూ పస్తులు లేరు. బంధువులకూ తిండికి లోటు లేదు. రాలిపోతున్నవాళ్లంతా రెక్కాడితే గానీ డొక్కాడని కూలీలు. ఒకే గాలి, ఒకే నేల. మరి ఆకలి వాళ్లనే ఎందుకు వెతుక్కుంటూ వచ్చింది?

అదే ఏడాది ఆగస్టు 22. కలకత్తాలో స్టేట్స్‌మన్ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్, యుద్ధకాలపు ఆంక్షల మధ్యనే, వీధుల్లో పడి ఉన్న అన్నార్తుల ఫొటోలు అచ్చేశాడు. అప్పటిదాకా కప్పిపుచ్చిన ఘోరం సముద్రాలు దాటింది. ఆ సాహసం చేసిన కలానికి చేతులెత్తి మొక్కాలి.

పసితనపు ప్రశ్నకు జవాబు 1981లో పుస్తకమై వచ్చింది: 'పావర్టీ అండ్ ఫామిన్స్'. ఆర్థికవేత్తగా ఎదిగిన సేన్ పాత లెక్కలన్నీ తిరగేశాడు. 1943లో బెంగాల్‌లో ఉన్న తిండిగింజలు, కరువు లేని 1941 కంటే ఎక్కువే! యుద్ధపు ఖర్చుతో బియ్యం ధర ఆకాశానికెక్కింది, కూలి రేటు నేలమీదే ఉండిపోయింది. జపాన్ సేనలు వస్తాయన్న భయంతో సర్కారు పడవలు లాక్కుంటే జాలర్ల నోటికాడి కూడు పోయింది. సేన్ అంచనాలో మృతులు దాదాపు 30 లక్షలు.

ఆ లెక్కల్ని అందరూ ఒప్పుకోలేదు. 1942 వరిపంటను తెగులు తినేసిందనీ, నిజంగానే గింజలు తక్కువనీ వాదించే పండితులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాటను తోసిపుచ్చలేం. అయినా సేన్ తర్వాత చర్చ దారే మారింది. ఎంత పండిందన్న ప్రశ్నతో ఆగడానికి వీల్లేదు, కొనే శక్తి ఎవరికుందో కూడా చెప్పాలి. ఎన్నికలూ స్వేచ్ఛగా రాసే పత్రికలూ ఉన్న దేశంలో పెద్ద కరువు రాదన్న ఆయన మాట దేశదేశాల్లో వాదనలకు ఆధారమైంది. 1998లో నోబెల్ వచ్చింది. 2013లో ఆహార భద్రతా చట్టం మీద దేశం రెండుగా చీలి వాదించుకున్నప్పుడు ఎనభైకి చేరువైన ఆ పెద్దాయన దాని పక్షాన గట్టిగా నిలబడ్డాడు.

స్వతంత్ర భారతంలో బెంగాల్ లాంటి కరువు మళ్లీ రాలేదు. కానీ రోజూ అరకడుపుతో పడుకునేవాళ్ల ఆకలి ఫొటోలకు అందదు, పతాక శీర్షిక కాదు. సేన్ ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నది ఇదే. మీ ఊళ్లో వేలిముద్ర పడలేదనో, కార్డు లేదనో రేషన్ అందని ముసలివాళ్లుంటే, ఆ సంగతి దయచేసి పత్రికలకు రాయండి.